ఫ్రాన్స్ గ్రామసీమల్లో రోడ్డు సైక్లింగ్

ఆల్ప్స్, పిరెనీస్ పర్వతాలను పక్కన పెడితే ఫ్రాన్స్ నేలలో చాలా భాగం మిట్టపల్లాల మయం. గుట్టలు పెద్ద ఎత్తుండవు. ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే మిట్ట వస్తుంది, దిగితే వాగు, దానిమీద రాతి వంతెన, మళ్లీ ఎక్కుడు. నాలుగైదు కిలోమీటర్లకొక ఊరు కనిపిస్తుంది. చర్చి గోపురం, మేయరు కార్యాలయం, పెంకుటిళ్లు, మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవారి పేర్లు చెక్కిన స్మారకస్తంభం దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. సన్నని తారు రోడ్ల మీద రోజుకు యాభై నుంచి నూట యాభై కిలోమీటర్ల దాకా తొక్కుతూ ఇలా ఊరి నుంచి ఊరికి సాగిపోవడాన్ని ఫ్రెంచివాళ్లు సైక్లోతూరిస్మ్ అంటారు. ఇందులో గెలుపోటములు లేవు, కానీ ఒంటికి శ్రమ మాత్రం పందెగాళ్ల శ్రమకు మరీ దూరమేమీ కాదు.

కోటలూ చర్చిలూ ద్రాక్షతోటలూ ఇటలీలో ఉన్నాయి, స్పెయిన్‌లో ఉన్నాయి. ఫ్రాన్స్ ప్రత్యేకత దాని చిన్న రోడ్లలో ఉంది. ప్రతి ఊరినీ చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్లతో కలిపే, వాహనాల రద్దీ అంతగా లేని, బాగోగులు చూసే నాథుడున్న తారు రోడ్లు ఇంత దట్టంగా పరుచుకున్న పెద్ద దేశం మరొకటి చూపించడం కష్టం. సైకిల్ పుట్టకముందు ఎడ్లబండ్లకూ గుర్రబ్బండ్లకూ వేసిన దారులివి.

ఊరి దారి

ఫ్రాన్స్‌లో కమ్యూన్ అనే స్థానిక పాలనా విభాగాలు సుమారు 35,000 ఉన్నాయి. పల్లెకైనా పట్టణానికైనా ఆ పేరే. సగానికి పైగా కమ్యూన్లలో జనాభా అయిదు వందల లోపే, అయినా ప్రతిదానికీ ఒక మేయరు, ఒక మండలి, తనవైన రోడ్లు ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దంలో వేసిన రాజమార్గాలు పారిస్‌ను పెద్ద పట్టణాలతో కలిపాయే గాని, పల్లెలకు వానాకాలంలో బురదబాటే గతి. 1836 మే 21న వచ్చిన గ్రామ రోడ్ల చట్టం ఈ స్థితిని మార్చింది. తన దారుల నిర్వహణ కమ్యూన్ బాధ్యత అయింది. ఊరివాళ్లు ఏడాదికి మూడు రోజుల వరకు తమ బండీ పశువులతో సహా రోడ్డు పని చేయాలి, లేదా దానికి సరిపడా డబ్బు కట్టాలి. గింజలు సంతకు చేరాలి, పశువులు అంగడికి చేరాలి, పిల్లలు బడికి వెళ్లాలి. రైతులు రాళ్లు కొట్టి, కంకర పరిచి, కాలువలు తీసి ఒక తరం తర్వాత ఒక తరంగా ఈ వల అల్లారు.

ఇందులో ముఖ్యమైన దారులు 1938లో డిపార్ట్‌మెంట్ల చేతికి వెళ్లాయి. డిపార్ట్‌మెంట్ అంటే మన జిల్లా లాంటిది. నేడు డిపార్ట్‌మెంట్ రోడ్ల పొడవు సుమారు 3.8 లక్షల కిలోమీటర్లు, కమ్యూన్ల రోడ్లు దాదాపు 7 లక్షల కిలోమీటర్లు. జాతీయ రహదారులు, మోటార్‌వేలు అన్నీ కలిపినా ఈ మొత్తంలో సుమారు రెండు శాతమే. దూరప్రయాణపు కార్లూ లారీలూ ఆ రెండు శాతం మీదకే వెళ్లిపోవడంతో మిగతాది ట్రాక్టర్లకూ, పాల వ్యానుకూ, ఉత్తరాలు పంచే పసుపుపచ్చ బండికీ, సైకిళ్లకూ మిగిలింది.

డిపార్ట్‌మెంట్ రోడ్డుకు 'డి' అక్షరం, పక్కన అంకె ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రోడ్డు చిన్నదవుతుందన్నది సైకిల్‌వాళ్ల మోటు లెక్క. అది తొమ్మిది వందల దగ్గర తప్పుతుంది. డి 906, డి 936 వంటివి ఒకప్పటి జాతీయ రహదారులు, లారీలు జోరుగా పోతాయి కనుక వాటిని తప్పించుకోవాలి. ఈ మెలకువలన్నీ మిషెలాఁ పటాలతో అబ్బేవి. ఆ టైర్ల కంపెనీ 1910 నుంచి అచ్చువేసిన 1:2,00,000 కొలత పటంలో పెద్ద రోడ్డు ఎర్రగా, నడిమి రోడ్డు పసుపుగా, చిన్నది తెల్లగా ఉంటుంది. అంచున ఆకుపచ్చ గీత ఉంటే చూడచక్కని దారి అని అర్థం. రోడ్డు మీద గీసిన బాణపు మొనలు ఎక్కుడును చెబుతాయి: ఒక మొన ఉంటే వాలు 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించి. చేతిలో జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో కూడా తెల్ల రోడ్లు వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదని నా అభిప్రాయం. ఒక్క చూపులో ఒక సీమ అంతా కళ్లకు కడుతుంది.

చరిత్ర

1869 నవంబరులో పారిస్ నుంచి రూఆఁ వరకు 123 కిలోమీటర్ల పందెం జరిగింది. ఒక ఊరి నుంచి మరో ఊరికి జరిగిన తొలి సైకిల్ పందెంగా దాన్ని లెక్కిస్తారు. గెలిచిన ఇంగ్లిష్ కుర్రాడు జేమ్స్ మూర్‌కు పదిన్నర గంటలకు పైగా పట్టింది. 1890లో సైకిల్ ప్రియులు తూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ స్థాపించారు. దారి సూచికలు, హోటళ్ల శుభ్రత, పటాలు, ఇలా ప్రయాణికుడికి కావలసినవన్నీ ఆ క్లబ్బు పట్టించుకుంది. 1903లో టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదలయ్యాక సైకిల్ అంటే వీరగాథ అన్న భావన దేశమంతా పాకింది.

మిట్టపల్లాల్లో తొక్కేవాళ్లకు ఆ వీరగాథకన్నా ఎక్కువ మేలు చేసినవాడు పోల్ ద వివీ. 1853లో దక్షిణాన పెర్న్-లె-ఫోంతేన్‌లో పుట్టి సేంత్-ఎతియెన్‌లో పట్టు వ్యాపారం చేసిన ఈయన 'వెలోసియో' అనే కలంపేరుతో ప్రసిద్ధుడు. 1887లో పెట్టిన తన పత్రికలో దశాబ్దాల పాటు ఒకే మాట వాదించాడు: మనిషి బలం పరిమితం కనుక ఎక్కుడుకొక గేరు, దిగుడుకొక గేరు, ఎదురుగాలికొక గేరు ఉండాలి. ఆకలి వేయకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని, గొప్పకోసం తొక్కవద్దని కొత్తవాళ్లకు నేర్పాడు. తాను శాకాహారి. టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకుడు ఆఁరీ దెగ్రాంజ్ గేర్లు మార్చే యంత్రం, అంటే డెరైలర్, పౌరుషానికి తక్కువని నమ్మాడు. పందెగాళ్లకు డెరైలర్ వాడే అనుమతి 1937లో గాని రాలేదు. అప్పటికే యాత్రికులు ఎన్నో ఏళ్లుగా డెరైలర్లతో గుట్టలెక్కుతున్నారు. సైకిల్ చరిత్రలో ఈ పని ముందు చేసింది పల్లె రోడ్ల మీది మామూలు మనుషులు. దీన్ని పందేల చరిత్ర రాసేవాళ్లు ఇంకాస్త గట్టిగా చెప్పవలసింది. వెలోసియో 1930లో ట్రామ్ ఢీకొని మరణించాడు.

సైకిల్ యాత్రికుల సంఘాలు కలిసి 1923లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. నేటి ఫ్రెంచ్ సైక్లోతూరిస్మ్ సమాఖ్య అదే. 1936లో కార్మికులకు రెండు వారాల జీతపు సెలవు చట్టమయ్యాక సామాన్యుల యాత్రలు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ల మీద డేరా కట్టుకుని పారిస్ నుంచి బయల్దేరిన యువజంటలు ఆ వేసవికి గుర్తుగా మిగిలిపోయాయి. రెనె ఎర్స్, అలెక్స్ సింజే వంటి పారిస్ పనివాళ్లు ఆ యాత్రికుల కోసం మడ్‌గార్డులు, దీపాలు, ముందు సంచి అమర్చిన తేలికపాటి సైకిళ్లు చేత్తో కట్టారు. ఆ కొలతలను నేటికీ అనుకరిస్తున్నారు.

జెర్: నదులు గీసిన నేల

మిట్టపల్లాల సైక్లింగ్ ఏమిటో తెలుసుకోవాలంటే నైరుతి ఫ్రాన్స్‌లోని జెర్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాలి. పాత గాస్కోనీ సీమకు ఇది నడిబొడ్డు. పిరెనీస్ పర్వతాలు కోసుకుపోయి కిందికి జారిన మట్టి, ఇసుక, సున్నపురాయి లక్షల ఏళ్లు పేరుకుని ఈ నేల తయారైంది. పర్వతపాదాన ఉన్న లాన్‌మెజాఁ పీఠభూమి దగ్గర నుంచి బైజ్, జెర్, ఆరా, జిమోన్, సావ్ నదులు తాటాకు విసనకర్ర ఈనెల్లా ఉత్తరానికి విచ్చుకుంటాయి. రెండేసి నదుల నడుమ ఒక్కో పొడవాటి మిట్ట.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సైకిల్‌వాడి రోజు మారిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా వెళితే నది వెంటో, మిట్ట వీపు మీదనో హాయిగా సాగిపోవచ్చు. తూర్పు పడమరలుగా వెళితే ప్రతి నదినీ దాటాలి, ప్రతి మిట్టనూ ఎక్కాలి. ఏ మిట్టా మూడు వందల మీటర్లకు పెద్దగా మించదు, కానీ సాయంత్రానికి లెక్క చూస్తే వంద కిలోమీటర్లలో ఎక్కిన ఎత్తు వెయ్యి మీటర్లు దాటిపోతుంది. లోయకు రెండు వైపులా వాలు ఒకేలా ఉండదు. ఒక ఒడ్డు పొట్టిగా నిటారుగా, రెండోది బారుగా మెల్లగా ఉంటుంది. అటునుంచి ఇటు ఒక చుట్టు, ఇటునుంచి అటు ఒక చుట్టు తొక్కినవాళ్లు అవి రెండు వేర్వేరు సీమలని ఒట్టేసి చెబుతారు. పెద్ద కనుమలో ఒక లయ కుదురుతుంది, గంటసేపు దాన్ని పట్టుకుని వెళ్లిపోవచ్చు. ఇక్కడ లయ కుదిరేలోపు మిట్ట అయిపోతుంది. గేరు మార్చడం, దిగుడులో వేగం పోగేసుకోవడం, ఆ వేగాన్ని తర్వాతి ఎక్కుడులో ఎంతవరకు వాడుకోవచ్చో అంచనా కట్టడం ఇక్కడి విద్య. కాళ్లకన్నా ముందు తల అలిసిపోవడం కొత్తవాళ్లకు మామూలే.

పొద్దుతిరుగుడు, గోధుమ, మొక్కజొన్న, వెల్లుల్లి, అర్మాన్యాక్ బ్రాందీకి పెంచే ద్రాక్ష ఇక్కడి పంటలు. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు ముప్ఫై చిల్లర. ఆకాశం తేటగా ఉన్న ఉదయాన మిట్ట వీపు మీద తొక్కుతుంటే దక్షిణాన పిరెనీస్ మంచుకొండలు ఒక చివర నుంచి మరో చివర దాకా కనిపిస్తాయి. మర్నాడు వాన వస్తుందనడానికి అదే గుర్తని స్థానికులు అంటారు. ఆగ్నేయం నుంచి వీచే ఓతాఁ గాలి మొదలైతే మాత్రం మిట్ట మీది రోడ్డు వదిలి లోయలోకి దిగడమే మేలు.

జెర్ పొలిమేర దాటగానే లాండ్ డిపార్ట్‌మెంట్‌లో లాబాస్తీద్-దార్మాన్యాక్ అనే ఊరుంది. 1291లో కట్టిన పట్టణం. దాని పక్కన పొలాల్లో పాతకాలపు చిన్న ప్రార్థనాలయం శిథిలమై ఉండేది. స్థానిక మతగురువు జోసెఫ్ మాసీ పూనికతో 1959లో పోప్ 23వ జాన్ దాన్ని సైకిల్‌వాళ్ల పుణ్యస్థలంగా ప్రకటించాడు. లోపలి గోడల నిండా ప్రసిద్ధ పందెగాళ్లు ఇచ్చిన జెర్సీలు వేలాడుతుంటాయి. 1989లో టూర్ డి ఫ్రాన్స్ ఒక దశ ఈ ఊరి నుంచే బయల్దేరింది.

ఊళ్లు ఎందుకలా ఉన్నాయి

నైరుతిలో రోడ్డు ఒక ఊళ్లోకి ప్రవేశించి నేరుగా నలుచదరపు కూడలికి చేరితే అది బాస్తీద్ అయి ఉంటుంది. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో ప్రభువులూ రాజులూ జనాన్ని రప్పించి, శిస్తు రాయితీలిచ్చి, ఒకే కొలత స్థలాలు పంచి కట్టించిన కొత్త పట్టణాలివి. పెరిగోర్ సీమలోని మోఁపాజియే ఇందుకు మచ్చుతునక. ఇంగ్లాండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ పేరిట 1284లో పుట్టింది. ఆ కాలంలో ఆక్విటేన్ ఇంగ్లాండ్ రాజుల ఏలుబడిలో ఉండేది. గళ్లగళ్లుగా వీధులు, మధ్యన సంత, చుట్టూ కమాన్ల వసారాలు. వాన వచ్చినప్పుడు సైకిల్ గోడకానించి నిలబడడానికి ఏడు వందల ఏళ్లనాటి ఆ వసారాలు నేటికీ పనికొస్తాయి. జెర్‌లోని ఫూర్సెస్ గుండ్రంగా ఉంటుంది, లారెస్సాంగ్ల్ ప్రాకారం లోపల ఒదిగిపోయే బుల్లి కోట ఊరు.

ప్రొవాన్స్‌లో లెక్క వేరు. ల్యుబెరాఁ సీమలో గోర్ద్, బొన్యూ వంటి ఊళ్లు రక్షణ కోసం కొండకొమ్మున కట్టినవి కనుక ప్రతి ఊరికీ చివరి రెండు కిలోమీటర్లు ఎక్కుడే. కాఫీ తాగాలంటే ముందు చెమటోడ్చాలి. కొరేజ్ డిపార్ట్‌మెంట్‌లో కొలోంజ్-లా-రూజ్ ఊరంతా ఎర్ర ఇసుకరాయి. అక్కడి మేయరు షార్ల్ సెరాక్ చొరవతో 1982లో 'ఫ్రాన్స్‌లోని అత్యంత సుందర గ్రామాలు' సంఘం ఏర్పడింది. రెండు వేలకు మించని జనాభా, కనీసం రెండు రక్షిత కట్టడాలు లేదా స్థలాలు ఉండాలన్నది చేరడానికి తొలి షరతు. ఆ బిరుదు ఊళ్లకు బస్సులనూ తెచ్చింది. ఆగస్టు మధ్యాహ్నం గోర్ద్ రోడ్డు మీద తొక్కడం నేను ఎవరికీ చెప్పను. అవే ఊళ్లను ఉదయం ఎనిమిదింటికి చేరినవాళ్లు, పేరుపడని పక్క ఊళ్లో భోజనానికి ఆగినవాళ్లు నిజమైన సుఖం అనుభవిస్తారు.

బర్గండీ దక్షిణ భాగంలో మరో రకం దారి ఉంది. మూతపడ్డ రైలుమార్గం మీద జివ్రీ నుంచి క్లూనీ దాకా 1997లో తెరిచిన 44 కిలోమీటర్ల బాట, ఫ్రాన్స్‌లో వాయ్ వెర్త్ అనే వాహనరహిత మార్గాలకు నాంది. 910లో స్థాపించిన క్లూనీ మఠం చర్చి, రోమ్‌లో నేటి సేంట్ పీటర్స్ లేచేదాకా క్రైస్తవలోకంలో అన్నిటికన్నా పెద్దది. రైలు వాలు కనుక ఈ బాట కుటుంబాలకు అనువు. అటూ ఇటూ ఉన్న గుట్టల మీది ఊళ్లూ, రోమనెస్క్ చర్చిలూ చూడాలంటే బాట వదిలి డి రోడ్లు ఎక్కవలసిందే, ఎక్కాలి కూడా. లువార్ నది వెంట క్యూఫీ నుంచి సముద్రతీరంలోని సేఁ-బ్రెవాఁ దాకా 900 కిలోమీటర్ల సైకిల్ మార్గం పేరుపొందిందే, కాకపోతే అది చదును నేల.

రోజు గడిచే తీరు

పల్లె దుకాణాలు మధ్యాహ్నం పన్నెండింటికి మూసి రెండింటి తర్వాత తెరుస్తాయి. ఆదివారం మధ్యాహ్నమూ, సోమవారమూ చాలావరకు మూసే ఉంటాయి. రొట్టె, జున్ను, పండ్లు ఉదయమే కొని సంచిలో వేసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. నీళ్లకు ఊరి సమాధుల తోట ఆధారం. పూలకుండీలకు పోయడానికని అక్కడ కుళాయి ఉంటుంది, ఫ్రెంచి సైకిల్‌వాళ్లు తరాలుగా అక్కడే సీసాలు నింపుకుంటున్నారు. తాగడానికి పనికిరావని బోర్డు ఉంటే ముట్టుకోకూడదు.

ఎర్ర అంచున్న తెల్ల బోర్డు మీద ఊరి పేరు కనబడితే అక్కడి నుంచి వాహనాలకు గంటకు 50 కిలోమీటర్ల పరిమితి. అదే పేరు మీద అడ్డగీత ఉంటే ఊరు దాటినట్టు. క్లబ్బు కుర్రాళ్లు ఆదివారం ఆ బోర్డునే గీతగా పెట్టుకుని పరుగు తీస్తారు. ఊరి బయట కారు సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర, ఊళ్లో మీటరు ఎడం వదలాలని చట్టం. పన్నెండేళ్లలోపు పిల్లలకు 2017 నుంచి హెల్మెట్ తప్పనిసరి. ఊరి వెలుపల రాత్రిపూట మెరిసే జాకెట్ వేసుకోవాలి. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. ఎడమవైపు నడపడం అలవాటైన మనవాళ్లు ప్రాణాల మీదకు తెచ్చుకోకుండా నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

వేసవిలో డిపార్ట్‌మెంట్లు రోడ్ల మీద తారు చల్లి పైన సన్న కంకర పరుస్తాయి. హెచ్చరిక బోర్డు చూసి దిగుడులో నెమ్మదించాలి. 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఈ గరుకు రోడ్లకు సరిపోతాయి. గేర్ల విషయంలో వెలోసియో మాటే ఖాయం: ముందు చిన్న పళ్లచక్రం 34, వెనక పెద్దది 32 లేదా 34 ఉంటే సామాను సంచితో కూడా మోకాళ్లు బతుకుతాయి.

పారిస్–బ్రెస్ట్–పారిస్

ఈ నేల స్వభావాన్ని లోకానికి చాటినది పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో పత్రికా సంపాదకుడు పియేర్ జిఫార్ పందెంగా మొదలుపెట్టాడు. షార్ల్ తెరోఁ 71 గంటల పైచిలుకులో గెలిచాడు. 1931 నుంచి ఓదాక్స్ క్లబ్ పారిజియాఁ దీన్ని సామాన్యులకు గడువు యాత్రగా నడుపుతోంది. ప్రస్తుతం నాలుగేళ్లకొకసారి వస్తుంది, 1,200 కిలోమీటర్లను 90 గంటల్లో పూర్తిచేయాలి. పెర్ష్ గుట్టలు, నార్మండీ అంచులు, బ్రిటనీ పల్లెల మీదుగా సాగే ఈ దారిలో ఎక్కడా 400 మీటర్లు మించిన ఎత్తు లేదు. అయినా మొత్తం ఎక్కుడు కలిపితే ఎవరెస్టు ఎత్తును దాటిపోతుంది. అర్ధరాత్రి ఇళ్ల ముందు బల్లలు వేసి, ముక్కూమొహం తెలియని మనిషికి కాఫీ, సూప్, కేకు పెట్టి పైసా పుచ్చుకోని గ్రామస్థుల గురించి పాల్గొన్నవాళ్లంతా చెబుతారు.

తెలుగువాళ్లకు ఈ సంప్రదాయంతో నేరుగా బంధం ఉంది. ఓదాక్స్ క్లబ్ పారిజియాఁ గుర్తింపుతో హైదరాబాద్ రాండొన్యూర్స్ అనే సంఘం 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు నిర్వహిస్తోంది. పారిస్ యాత్ర జరిగే ఏడాది ఈ నాలుగూ గడువులో పూర్తిచేస్తేనే అక్కడికి అర్హత. దక్కను రహదారుల ఎండలో ఆరితేరినవాళ్లను అక్కడ ఇబ్బంది పెట్టేవి తెల్లవారుజాము చలి, ఎడతెగని ఎక్కుడుదిగుళ్లు.

ఇప్పటి పరిస్థితి

ఎలక్ట్రిక్ సైకిళ్లు వచ్చాక మిట్టపల్లాలంటే జంకేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కూడా ఈ దారులకెక్కుతున్నారు. ఇది మంచి మార్పు. కలవరపెట్టేది ఊళ్ల సంగతి. పల్లెల్లో చివరి బేకరీ, చివరి కాఫీ కొట్టు మూతపడుతున్నాయి. ఆగే చోటు లేనప్పుడు ఊరు గోడల మధ్య మరో మలుపుగా మాత్రమే మిగులుతుంది. సైక్లోతూరిస్మ్ సమాఖ్య నడిపే ఒక పాత పద్ధతిలో యాత్రికుడు దేశమంతా తిరుగుతూ, నిర్ణయించిన ఊళ్లలో కాఫీ కొట్టులోనో దుకాణంలోనో తన కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేసే మనిషి లేని ఊళ్లో ఊరి పేరు బోర్డు పక్కన సైకిల్ నిలిపి ఫొటో తీసుకుంటున్నారు.

కొన్ని కమ్యూన్లు ఊరుకోవడం లేదు. మూతపడ్డ కొట్టును తామే కొని, తక్కువ అద్దెకు ఎవరికైనా అప్పగించి, రొట్టె, పోస్టాఫీసు పని, గ్యాస్ బండ, కాఫీ అన్నీ ఒకే కప్పు కింద నడిపిస్తున్నాయి. 2019లో గ్రూప్ ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ చిన్న కమ్యూన్లలో వెయ్యి కాఫీ కొట్లు తెరిపించే పని తలకెత్తుకుంది. సైకిళ్లకు తాళం వేసే చోటు, పంక్చర్ సామగ్రి ఉన్న బసలకు 'అక్యుయ్ వెలో' గుర్తు ఇస్తున్నారు. ఆ గుర్తున్న ఇంట్లో రాత్రి బస చేసి, ఊరి కొట్లో రొట్టె కొనుక్కుని, తెల్ల రోడ్డు మీద పక్క ఊరికి బయల్దేరే యాత్రికుడు ఖర్చుపెట్టే ఇరవై ముప్ఫై యూరోలు ఆ కొట్టు పద్దులో ఇప్పుడు లెక్కకొచ్చే మొత్తమే.